సమాధానం: పడకుండానే అమ్మ పాదం ఎముక రెండోసారి విరిగింది, చెప్పులు మారిస్తే చాలా?

దెబ్బ తగలకుండా ఏడాదిలో రెండు పాదాల్లోనూ ఎముక చిట్లిందంటే చూడాల్సింది చెప్పులు కాదండీ, ఎముక. అమ్మగారికి 62 ఏళ్లు, తొడలు, నడుము నొప్పి, కింద కూర్చుంటే చేతులూని లేస్తున్నారని రాశారు. నాకైతే ఎముక గుల్లబారడం కంటే ముందు ఆస్టియోమలేసియా, అంటే ఎముక మెత్తబడటం, అనుమానంగా ఉంది. విటమిన్ డి బాగా తగ్గితే వస్తుంది.

చాలామంది వదిలేసేది ఇక్కడే. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఒక్కటే చేయించి ఊరుకుంటారు. రెండు జబ్బుల్లోనూ అది సాంద్రత తక్కువనే చూపిస్తుంది. తేడా పట్టిచ్చేది రక్తపరీక్ష.

1. విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక, కాలేయాల నుంచి వచ్చే ఎంజైమ్), పీటీహెచ్ (కాల్షియంను అదుపుచేసే పారాథైరాయిడ్ హార్మోన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది) చేయించండి. ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ ఉంటే రిపోర్టుతో ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి.

2. ఎముక గుల్లబారడానికి వేసే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ రాశారన్నారు కదా, ఈ రిపోర్టులు చూశాకే వేయమని డాక్టరును గట్టిగా అడగండి. డి తక్కువగా ఉండగా వేస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. దయచేసి ఇది మర్చిపోకండి.

3. ఈసారి ఎక్స్‌రే మామూలుగా ఉందని నడిపించకండి. సన్న చీలిక మొదటి రెండు మూడు వారాలు అందులో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది.

4. నల్గొండ దగ్గర బోరు నీళ్లే ఏళ్ల తరబడి తాగారని డాక్టరుకు చెప్పండి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఉంటే డెక్సాలో సాంద్రత ఎక్కువ కనిపించినా ఎముక పెళుసుగానే ఉంటుంది.