మేకపోతు పెదవి ఎత్తడం జబ్బు కాదు
అన్నా, మీ మేకపోతు ఆడమేక మూత్రం వాసన చూసి, మెడ చాచి పై పెదవి ముడుచుకుని కాసేపు అలాగే నిలబడిపోతోంది, మూతికి జబ్బేమో అని రాశారు కదా, టెన్షన్ పడకండి. దాని నోట్లో పైన ముందు పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. ఆ చిగురు వెనకాల అంగిట్లో రెండు సన్నని రంధ్రాలుంటాయి. పెదవి ఎత్తినప్పుడు మూత్రంలోని రసాయనాలు వాటిగుండా ముక్కు అడుగునున్న జాకబ్సన్ అవయవానికి చేరతాయి. మామూలు ముక్కుకు అందని, గాల్లో సులువుగా తేలని పదార్థాలను కూడా అది పసిగడుతుంది. ఆడమేక ఎదకు వచ్చిందో లేదో పోతు అలా చూసుకుంటుంది, దున్నలూ గుర్రాలూ ఇంతే, పిల్లి కూడా నోరు కొంచెం తెరిచి ఇదే పని చేస్తుంది. చొంగ కారుతున్నా, నోట్లో పుండ్లున్నా, మేత మానేసినా మాత్రం వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.