బండి బరువు కమానుల మీద పడ్డాకే ఆఖరి బిగింపు

ప్రశ్న: నా దగ్గర 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు మడవగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. ఇంటి గ్యారేజీలోనే వెనుక ఇరుసు దించి, రెండు వైపులా కొత్త కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు), వాటి చివర్లలో కూర్చునే రబ్బరు బుష్‌లు, ఇరుసును వాటికి కట్టే యు-బోల్టులు వేశాను. బాడీని స్టాండ్ల మీద ఉంచి నట్లన్నీ పూర్తిగా బిగించిన తరువాత బండిని కిందికి దించాను. వెనుక భాగం మునుపటికంటే ఎత్తుగా నిలబడింది. చిన్న గతుకుకే ఎగిరిపడుతోంది. మొత్తం మళ్ళీ విప్పాలా? సరైన వరుస ఏది?

జవాబు: మొత్తం విప్పనవసరం లేదు. మీరు వేసిన భాగాల్లో లోపం ఉందని కూడా వెంటనే అనుకోకండి. బాడీ స్టాండ్ల మీద, ఇరుసు గాలిలో వేలాడుతూ ఉండగా బుష్‌ల బోల్టులను పూర్తిగా బిగించారు. అనుమానించవలసింది ముందుగా దానినే.

కమాను ముందు చివర గుండ్రంగా చుట్టిన రంధ్రాన్ని కన్ను అంటారు. ఆ ముందు కంటిలో ఉండే బుష్‌ను గమనించండి. దాని బయటి భాగం కంటిలో గట్టిగా దిగి ఉంటుంది, లోపలి ఉక్కు గొట్టాన్ని బోల్టు బ్రాకెట్టుకు నొక్కి పట్టుకుంటుంది. కమాను పైకీ కిందికీ ఆడేటప్పుడు ఈ రెండింటిలో ఏదీ జారదు. మధ్యనున్న రబ్బరే మెలితిరిగి ఆ కదలికను భరిస్తుంది. ఇరుసు వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి అవుతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు పిండిన తడిబట్టలా మెలితిరిగి, అదనపు స్ప్రింగులాగా పనిచేస్తూ వెనుక భాగాన్ని పైకి నెడుతుంది. ఆ మెలిక మీద ప్రతి గతుకూ మరింత మెలిక వేస్తుంది కాబట్టి కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. కమాను వెనుక చివరను బాడీకి వేలాడదీసే ఊగే లింకును షాకిల్ అంటారు, అందులో ఉండే రబ్బరు ముక్కలకూ ఇదే వర్తిస్తుంది.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. చదునైన గట్టి నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని జాక్‌తో లేపి, స్టాండ్లను బాడీ కింద కాకుండా ఇరుసు గొట్టాల కింద, కమానులకు దగ్గరగా ఉంచండి. అప్పుడు బండి బరువు కమానుల మీదే ఉంటుంది, కింద పని చేయడానికి చోటూ దొరుకుతుంది. జాక్ ఒక్కదాని మీదే నిలిచిన బండి కిందికి మాత్రం ఒక్క క్షణం కూడా దూరకండి. ముందు కంటి బోల్టు నట్టును, షాకిల్ నట్లను వదులు చేసి, స్టాండ్లు కదలకుండా చూసుకుంటూ వెనుక భాగాన్ని చేతులతో నాలుగైదు సార్లు నొక్కి వదలండి. రబ్బరు తన చోట కుదురుకున్న తరువాత వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) మేరకు బిగించండి.

ఎత్తు తగ్గకపోతే అప్పుడు కమానులను అనుమానించాలి. 1974 చివరి నుంచి వచ్చిన రబ్బరు బంపర్ల ఎంజీబీలను సుమారు ఒక అంగుళం ఎత్తు పెంచి తయారుచేశారు. పైకప్పు స్థిరంగా ఉండే జీటీ రకం కమానులు రోడ్‌స్టర్ కమానులకంటే గట్టివి. ఈ రెండింటిలో ఏది వేసినా మీ బండి వెనుక భాగం పైకే నిలుస్తుంది. సరైన కొత్త కమానులు కూడా కొంతకాలం నడిచాక కాస్త కిందికి కూర్చుంటాయి కనుక కొలత తీసుకోవడానికి తొందరపడకండి.

ఇక వరుస. కొత్తవి ఎక్కించడానికి ముందే, కమాను ముందు కంటి బ్రాకెట్టు చుట్టూ బాడీ రేకును తుప్పు కోసం పరీక్షించండి. ఈ కారులో తుప్పు ఇష్టపడే చోట్లలో అదొకటి, అక్కడ రేకు మెత్తబడితే బుష్‌ల గురించి మాట్లాడటమే వ్యర్థం. తరువాత ముందు కంటి బోల్టు, ఆపైన షాకిల్ వేసి, నట్లను చేతితో తిరిగినంతవరకే తిప్పి వదలండి. కమాను పట్టీలను కలిపి ఉంచే నడిమి బోల్టు తల ఇరుసు బ్రాకెట్టులోని రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. కమానుకూ ఇరుసుకూ మధ్యలో రబ్బరు ప్యాడ్లు ఉండటంవల్ల అది పక్కకు జరిగినా వెంటనే కనిపించదు. వేలు పెట్టి తడిమి నిర్ధారించుకున్న తరువాతే యు-బోల్టులు వేయండి. వాటి నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, సమానంగా బిగించండి. ప్యాడ్లు నలిగి పక్కలకు పొంగేంత బలం వద్దు. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత వాటి బిగువును మళ్ళీ చూడాలి.

ఇరుసు కిందికి జారకుండా ఆపే రీబౌండ్ పట్టీలను చాలామంది చిన్నచూపు చూస్తారు. అవి లేకపోయినా, తెగినా, బండిని లేపిన ప్రతిసారీ ఇరుసు భారమంతా షాక్ అబ్జార్బర్ లింకుల మీద, బ్రేకు గొట్టం మీద పడుతుంది. పాతవి పగిలి ఉంటే తప్పక మార్చండి.

అన్నీ అయ్యాక ముందు చక్రాలను తిన్నగా ఉంచి, ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమి వరకు రెండు వైపులా కొలవండి. ఎంజీబీ వీల్‌బేస్ 91 అంగుళాలు, అంటే సుమారు 2,311 మిల్లీమీటర్లు. ఒక వైపు స్పష్టంగా తేడా కనిపిస్తే నడిమి బోల్టు దాని రంధ్రంలో లేదేమో చూడండి.

ప్రశ్న: రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే ఈ ఇబ్బంది ఉండదని విన్నాను. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. వాటిలో లోపలి గొట్టం బుష్‌లో తిరుగుతుంది కనుక ఏ స్థితిలో బిగించినా మెలిక పడదు. అయితే తయారీదారు ఇచ్చే సిలికోన్ గ్రీజు పూయకపోతే కీచుమంటాయి, రోడ్డు అదురు కూడా ఎక్కువగా లోపలికి వస్తుంది. మామూలుగా తిరిగే బండికి నేను రబ్బరునే ఎంచుకుంటాను. రబ్బరు బుష్‌కు ఖనిజ నూనె గ్రీజు పూయవద్దు, ఉబ్బి చెడుతుంది. ఎక్కించడానికి సబ్బు నీళ్ళు చాలు. గ్రీజు వాడదలిస్తే ముందు కంటి బోల్టు కాడకు మాత్రమే, అది గొట్టంలో తుప్పుపట్టి అతుక్కోకుండా పలుచగా పూయండి.

ప్రశ్న: విప్పి పక్కన పడుకోబెట్టిన పాత లివర్ షాక్ అబ్జార్బర్లను అలాగే తిరిగి వేయవచ్చా?

జవాబు: పరీక్షించకుండా వేయవద్దు. పడుకోబెట్టినప్పుడు లోపలికి గాలి చేరి ఉంటుంది. నూనె మూత చుట్టూ మట్టిని పూర్తిగా తుడిచి, షాక్ అబ్జార్బర్ ఒంటిని వైస్‌లో నిటారుగా పట్టి, షాక్ అబ్జార్బర్ నూనె నింపి, దాని లివర్‌ను పూర్తి దూరం నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. గాలి పోయేకొద్దీ నూనె కలుపుతూ ఉండండి. బ్రేకు ద్రవం పోయకూడదు. రెండు దిశల్లోనూ ఆడించినంత దూరం తెరపి లేకుండా బరువు తగిలితే వేయవచ్చు. గాలి పోయాక కూడా మధ్యలో ఖాళీగా జారినా, లివర్ తిరిగే కడ్డీ దగ్గర నూనె చెమ్మ కనిపించినా మరమ్మతుకు పంపండి. మంచివాటిని బండికి బిగించేదాకా నిటారుగానే ఉంచండి.