చేతులు పెరగాలంటే ముందు బరువు పెరగాలి

తమ్ముడూ, బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటూ ఆరు నెలలుగా రోజూ డంబెల్ కర్ల్స్ కొడుతున్నా చేతులు 12 అంగుళాల దగ్గరే ఆగిపోయాయని, బరువు కూడా 56 కిలోలు దాటలేదని రాశావు. జవాబు ఆ రెండో మాటలోనే ఉంది.

ఒళ్లు పెరగకుండా చేతులొక్కటే లావెక్కడం చాలా కష్టం. కొత్త కండ పట్టాలంటే ఖర్చయ్యేదానికంటే కాస్త ఎక్కువ తినాలి. రోజుకు అదనంగా 300 క్యాలరీలు చాలు. ప్రోటీన్ కిలో బరువుకు 1.6 గ్రాములు, అంటే నీకు దాదాపు 90 గ్రాములు. పీజీ అన్నం, సాంబారుతో అంత రాదు. ఒక్కో గుడ్డులో 6 గ్రాములు, అర లీటరు నందిని పాలల్లో సుమారు 15 గ్రాములు ఉంటాయి. రెండూ గదిలోనే కుదురుతాయి, వంటగది అక్కర్లేదు. శనగలు నానబెట్టుకో. నెలకు కిలో పెరిగితే సరైన దారిలో ఉన్నట్టే.

ఇక వ్యాయామం. పై చేతిలో సగానికి మించి ఉండేది వెనకవైపు ట్రైసెప్స్, నువ్వేమో కర్ల్స్‌తో ముందువైపు బైసెప్స్‌నే పట్టుకున్నావు. బెంచ్ ప్రెస్, డిప్స్, పుల్ అప్స్, రోయింగ్, స్క్వాట్స్ ముందు చెయ్యి. కర్ల్స్ వారానికి రెండుసార్లు, చివర్లో. రోజూ కొట్టకు, నేనలా చేసి మోచేయి నొప్పితో రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. బరువులు మెల్లమెల్లగా పెంచు.

టేపు నెలకోసారి, పొద్దున్నే, వ్యాయామానికి ముందే పెట్టు. మూడు నెలలయ్యాక చేతి కొలత, బరువు రెండూ ఇక్కడే రాయి, చూసి చెబుతాను.