పాత స్పోర్ట్స్ కారు, ఇంటి గ్యారేజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఈ మధ్యనే 1991 నాటి మాజ్డా మియాటా కొన్నాను. పొద్దున బండి తీసేటప్పుడు మొదటి గేరు, రివర్స్ గేరు మొరాయిస్తున్నాయి. పెడల్‌ను గబగబా మూడు నాలుగుసార్లు తొక్కితే అప్పుడు పడుతున్నాయి. క్లచ్ మొత్తం మార్చాలని ఒక షాపులో చెప్పారు. ఆ పని నేనే ఇంట్లో చేసుకోగలనా?

జవాబు: చేసుకోగలరు. అయితే మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇప్పుడు ఆ పని అవసరమే లేదేమోననిపిస్తోంది. క్లచ్ ప్లేటు అరిగినప్పుడు గేర్లు పడడం కష్టమవదు, క్లచ్ జారుతుంది. నాలుగో గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి చూడండి. ఇంజన్ మోత పెరిగి, ఆర్‌పీఎం ముల్లు పైకి దూసుకుపోతున్నా బండి వేగం దానికి తగ్గట్టు పెరగకపోతే ప్లేటు అరిగిందని అర్థం. మీ విషయంలో జరుగుతున్నది దీనికి తలకిందులు: క్లచ్ పట్టు పూర్తిగా వదలడం లేదు. పెడల్‌ను పదేపదే తొక్కితే వదులుతోందంటే పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే ద్రవం కారుతూనో, గొట్టంలో గాలి చేరో ఉండాలి.

ఈ కారులో ఆ అనుమానం ముందుగా స్లేవ్ సిలిండర్ మీదికే, అంటే ఆ ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను వదిలించే చిన్న సిలిండర్ మీదికే పోవాలి. అది గేర్‌బాక్స్ కుడి పక్కన రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. కారు కిందికి చేరి, దాని చివరనున్న రబ్బరు తొడుగును వేలితో కొద్దిగా వెనక్కి లాగండి. లోపల తడిగా ఉండి నల్లటి ద్రవం వేలికి అంటుకుంటే దొంగ దొరికినట్టే. అది పొడిగా ఉంటే డ్రైవర్ కాళ్ల దగ్గర, పెడల్ పైభాగాన, ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ కడ్డీ చుట్టూ తడి ఉందేమో చూడండి. స్లేవ్ సిలిండర్ మార్చి, గొట్టంలోని గాలి తీయడం ఒక పూట పని. వెయ్యి డాలర్ల మాట వినవచ్చినచోట యాభై డాలర్లలోపు సామానుతో గట్టెక్కిన వాళ్లను నేనే కొందరిని చూశాను.

ఇక, నిజంగానే క్లచ్ జారుతున్నవారి కోసం అసలు పని చెబుతాను. 1993 వరకు వచ్చిన 1.6 లీటర్ల కార్లలో క్లచ్ ప్లేటు వ్యాసం 200 మిల్లీమీటర్లు, 1994 నుంచి వచ్చిన 1.8 లీటర్ల కార్లలో 215 మిల్లీమీటర్లు. సెట్ కొనేముందు మీ బండి ఏ సంవత్సరానిదో చూసుకోండి. నాలుగు మూలలా మంచి జాకీ స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో అటూ ఇటూ ఊపి, కదలడం లేదని తేల్చుకున్నాకే కిందికి దూరండి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

గేరు లివర్‌ను కారు లోపలి నుంచే విప్పేసి, గేర్‌బాక్స్ ఆయిల్ వంపేసి, గేర్‌బాక్స్ నుంచి వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద, అది వెనుక కలిసే అంచు మీద పెయింటుతో గుర్తు పెట్టుకుని విప్పాలి. ఆ తర్వాత గేర్‌బాక్స్‌ను వెనుక డిఫరెన్షియల్‌తో (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెతో) కలిపే పొడవాటి అల్యూమినియం చట్రం తీయాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ చట్రం తీసిన మరుక్షణం ఇంజన్ వెనక్కి వాలుతుంది. ఇంజన్ తల వెనుక భాగాన ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ వెళ్లి ఇంజన్ గది వెనుక గోడకు కొట్టుకుంటుంది. అందుకని ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి, దాని కింద జాకీ ఆనించాకే చట్రం బోల్టులు వదులు చేయండి. గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పి ఉంచే హౌసింగ్ పైభాగంలో ఉన్న బోల్టులు పైనుంచి అందవు. సాకెట్ రెంచికి తగిలించే రెండడుగుల ఎక్స్‌టెన్షన్ కడ్డీని వెనుక నుంచి గేర్‌బాక్స్ మీదుగా పోనిస్తే అవి సులువుగానే వస్తాయి. ఈ చిట్కా తెలియక నేను మొదటిసారి ఒక ఆదివారమంతా పోగొట్టుకుని, ఇంట్లో మాటలు కూడా పడ్డాను.

గేర్‌బాక్స్ కిందికి దిగాక పాత ప్లేటు దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. ఇంజన్ చివర క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ కూడా విప్పి, దాని వెనుకనున్న ఆయిల్ సీల్, మధ్యనున్న పైలట్ బేరింగ్ మార్చేయండి. ఇంత దూరం వచ్చి ఆ చిన్న సామాను దగ్గర పిసినారితనం చూపితే, రేపు సీల్ కారినప్పుడు ఇదంతా మళ్లీ విప్పాల్సివస్తుంది. ఫ్లైవీల్ బోల్టుల మరలకు సీలెంట్ రాసి 96 నుంచి 103 న్యూటన్ మీటర్ల బిగువుతోను, క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పుతూ 18 నుంచి 26 వరకు బిగువుతోను బిగించండి. ప్లేటులో స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్స్ వైపు ఉండాలి. ప్లేటును సరిగ్గా మధ్యలో నిలిపేందుకు సెట్‌తో వచ్చే ప్లాస్టిక్ కడ్డీని తప్పక వాడండి. తిరిగి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు దాని ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ ప్లేటులోకి దూరే ఇరుసు) మీద వేలాడితే కొత్త ప్లేటు వంగుతుంది. ఇద్దరు మనుషులో, గేర్‌బాక్స్ జాకీయో లేకుండా ఈ ఘట్టానికి దిగవద్దు.

ప్రశ్న: నాదీ అదే కారు. గేరు మార్చి ఆక్సిలరేటర్ తొక్కగానే కింద "ఠక్" మంటోంది, గేరు లివర్ కూడా ముందుకు ఎగురుతోంది. గేర్‌బాక్స్ మౌంట్ పోయిందని మిత్రుడంటున్నాడు. కానీ విడిభాగాల షాపుల్లో అది దొరకడం లేదు.

జవాబు: ఈ కారులో అది లేనే లేదు, అందుకే దొరకడం లేదు. డాట్సన్ 240జెడ్ వంటి కార్లలో గేర్‌బాక్స్ తోక కింద ఒక అడ్డపట్టీ, దాని మీద రబ్బరు మౌంట్ ఉంటాయి. ఆయిల్ కారి రబ్బరు మెత్తబడితే గేర్‌బాక్స్ ఆడుతుంది. అక్కడ కొత్త మౌంట్ వేయడం జాకీ ఆనించి కొద్ది బోల్టులు మార్చే చిన్న పని. ఆ కారులోనే డిఫరెన్షియల్ ముందు మౌంట్ చిరిగినా సరిగ్గా ఇలాంటి శబ్దమే వస్తుంది కాబట్టి రెండూ చూసుకోవాలి.

మియాటాలో మాత్రం పైన చెప్పిన అల్యూమినియం చట్రమే గేర్‌బాక్స్‌ను మోస్తుంది. మొత్తం బరువు ముందు రెండు ఇంజన్ మౌంట్ల మీద, వెనుక డిఫరెన్షియల్ బుష్‌ల మీద నిలుస్తుంది. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోగల మనిషిని సీటులో కూర్చోబెట్టండి. మొదటి గేరులో క్లచ్‌ను అరంగుళం వదలమని చెప్పి, మీరు పక్కన నిలబడి చూడండి. బండి ముందు మాత్రం నిలబడవద్దు. ఇంజన్ ఒక పక్కకు పెద్దగా లేస్తే ఇంజన్ మౌంట్ చిరిగినట్టు. ఇంజన్ కదలకుండా వెనుక నుంచి శబ్దం వస్తే డిఫరెన్షియల్ బుష్‌లు, చట్రం బోల్టులు చూడాలి. ఎవరైనా లోగడ క్లచ్ మార్చి ఆ బోల్టులను సరిగా బిగించకపోయినా ఇదే బాధ.

ప్రశ్న: నా మియాటా న్యూట్రల్‌లో నిలబడి ఉండగా గరగరమంటోంది, క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. రిలీజ్ బేరింగ్ మార్చాలా?

జవాబు: వద్దు. రిలీజ్ బేరింగ్ అంటే పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కేది. అది పోతే పెడల్ తొక్కినప్పుడు మోగుతుంది. తొక్కితే ఆగేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. ముందుగా గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎంత ఉందో చూడండి. తగ్గి ఉంటే 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం పోయండి. ఐదు గేర్ల పెట్టెకు మొత్తం రెండు లీటర్లు పడుతుంది. నిండుగా ఉండి కూడా మోగుతుంటే గేర్‌బాక్స్ విప్పాల్సిందే, అది గ్యారేజీలో చాప పరుచుకుని చేసే పని కాదు.