మూడు బోర్లు వేస్తే ఒక్కదానిలోనైనా నీళ్లు పడవా?

మీరు అడిగింది ఇది: “రెండు ఘటనలు కలిసి జరిగే సంభావ్యతకు ఎలాగూ గుణించడమే కదా, మరి స్వతంత్ర ఘటనలు, పరతంత్ర ఘటనలు అనే విభజన పరీక్షల్లో తప్ప ఎక్కడ పనికొస్తుంది?” ఒకటి జరగడం వల్ల రెండోదాని అవకాశం మారకపోతే అవి స్వతంత్ర ఘటనలు, మారితే పరతంత్ర ఘటనలు. మా నాన్న చేత మూడో బోరు వేయించిన రాత్రి నాకు ఆ విభజన విలువ తెలిసింది. అందుకే నాణేలు, పాచికల జోలికి పోకుండా ఆ సంగతే చెబుతాను.

2003 వేసవి. అంతకుముందు ఏడాది రాష్ట్రమంతా కరవు. అనంతపురం జిల్లాలో మాకు ఐదెకరాల మెట్ట ఉండేది, వేరుశనగ తప్ప మరో పంట ఎరగని నేల. నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. ఊళ్లో అప్పటికి వేసిన బోర్లు లెక్కపెడితే పదింటిలో నాలుగింటికి నీళ్లు పడ్డాయి. అంటే ఒక బోరు ఫెయిలయ్యే సంభావ్యత 0.6. మూడూ ఫెయిలవ్వాలంటే 0.6ను మూడుసార్లు గుణించాలి, 0.216 వస్తుంది. “మూడు బోర్లు వేస్తే ఒక్కదానిలోనైనా నీళ్లు పడటానికి 78 శాతం అవకాశం ఉంది నాన్నా” అని కాగితం మీద వేసి చూపించాను. చదువుకున్న కొడుకు లెక్క అని ఆయన నమ్మాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

మొదటి బోరు 300 అడుగులు, నీళ్లు లేవు. రెండోదీ అంతే. మూడో పాయింటును కొబ్బరికాయతో పెట్టారు. అరచేతిలో కాయ నిలబడిన చోటు రెండో బోరుకు నలభై అడుగుల దూరం కూడా లేదు.

రాత్రి పదకొండు దాటింది. బోరు బండి లైట్ల వెలుగులో తెల్లటి దుమ్ము లేచి పక్క పొలం గట్టు దాకా కప్పేసింది. రాడ్డు దిగినప్పుడల్లా మా నాన్న వెళ్లి గుప్పెడు పొడి తెచ్చి, నలిపి, తడి వాసన ఉందేమో చూసేవాడు. 180 అడుగుల దగ్గర ఆ పొడి తెచ్చి నా చేతిలో పోశాడు. వెచ్చగా, విభూతిలా మెత్తగా ఉంది. “చూడరా, మొన్న రెండో బోరులో ఇదే లోతులో పడిన పొడే ఇది. అదే రాయి. ఆపేద్దామా?” అన్నాడు. అడుగుకు ఇంత అని లెక్కగడతారు కనుక అప్పుడు ఆపి ఉంటే మిగతా 120 అడుగుల డబ్బు మిగిలేది. “ప్రతి బోరూ వేరే ఘటన నాన్నా, ముందువాటితో దీనికి సంబంధం లేదు” అన్నాను. ఆయన కానివ్వమని బండివాళ్లకు చెయ్యి ఊపాడు. 300 అడుగులకూ దుమ్మే.

ఆయన గుప్పిట్లో ఉన్నదే నియత సంభావ్యత, అంటే ముందు ఏం జరిగిందో తెలిశాక లెక్కగట్టే సంభావ్యత. మా వైపు నేల కింద ఉండేది గ్రానైటు, నైస్ రాయి. ఇసుకలో ఊరినట్టు రాయంతటా నీళ్లు ఊరవు. పైన శిథిలమైన పొరలోనో, కింద పగుళ్లలోనో ఉంటాయి. ఊళ్లో నీళ్లు పడిన నాలుగు బోర్లూ చెరువు కింది పొలాల్లోవి. నేను వాటిని మా మెట్టకు అంటగట్టాను.

ఉదాహరణకు పొలాలు రెండు రకాలని, చెరిసగం ఉన్నాయని అనుకోండి. మంచివాటిలో బోరు పడే సంభావ్యత 0.75, చెడ్డవాటిలో 0.05. సగటు అదే 0.4. మన పొలం ఏ రకమో తెలియదు. మొదటి బోరు ఫెయిలయ్యే అవకాశం 60 శాతం. అది ఫెయిలైతే మన పొలం చెడ్డ రకమనే అనుమానం బలపడుతుంది, కనుక రెండోది ఫెయిలయ్యే అవకాశం 80 శాతానికి పెరుగుతుంది. అదీ పోతే మూడోదానికి దాదాపు 90. మూడూ కలిపి గుణిస్తే దాదాపు 44 శాతం, నేను చెప్పిన 22కు రెట్టింపు. గుణించడం తప్పు కాదు. ముందు జరిగినదాన్ని బట్టి ప్రతిసారీ కొత్త సంఖ్యతో గుణించాలి.

కోర్టులు కూడా ఈ తప్పు చేశాయి. 1999లో ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే తల్లికి, తన ఇద్దరు పసిబిడ్డలను చంపిందని శిక్ష పడింది. ఒక బిడ్డ ఉన్నట్టుండి చనిపోయే అవకాశం 8,543లో ఒకటి కనుక, ఇద్దరూ అలా పోవడం సుమారు 7.3 కోట్లలో ఒకటి అని ఒక వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. ఒకే ఇల్లు, ఒకే రక్తం ఉన్న బిడ్డల మరణాలు స్వతంత్రమని ఎవరు చెప్పారు? ఆ లెక్కకు గణాంక శాస్త్రంలో ఆధారం లేదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో ప్రకటించింది. 2003లో శిక్ష రద్దయ్యేనాటికి ఆమె జీవితంలో మూడేళ్లకు పైగా జైల్లో గడిచిపోయింది.

నా కోపమంతా మన పాఠాలు చెప్పే తీరు మీద. “ఎ, బి లు స్వతంత్ర ఘటనలు అయితే” అని లెక్కలోనే ఇచ్చేస్తారు. అవునో కాదో తేల్చుకోవడం మాత్రం ఏ తరగతిలోనూ నేర్పరు. సంచిలోంచి ఎర్ర బంతి తీసి తిరిగి వేయకపోతే ఏమవుతుందో పిల్లలు టకటకా చెబుతారు. అదే పిల్లలు ఒకే పగులు మీద వేసిన రెండు బోర్ల మోటార్లు ఒకేసారి ఆన్ చేస్తే రెండింటిలోనూ నీళ్లు ఎందుకు తగ్గుతాయో చెప్పలేరు.

ఇప్పుడు మా వీధి ఇంటర్ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను. గుణకారం గుర్తు వేసేముందు, ఈ రెండూ స్వతంత్రమని ఎందుకు అనుకుంటున్నారో ఒక వాక్యం రాయమంటాను. అది లేకపోతే జవాబు సరిగ్గా వచ్చినా మార్కు వేయను.