ఎత్యెన్ అంటే ఫ్రెంచి స్టీఫెనే

మీ అబ్బాయీ కోడలూ ఫ్రాన్స్‌లో పుట్టిన మనవడికి ఎత్యెన్ అని పేరు పెట్టాలనుకుంటున్నారని, దానికేమైనా అర్థం ఉందా, ఎలా పలకాలి అని అడిగారు కదండీ. ఉంది, మంచి అర్థమే: కిరీటం.

నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పనిచేసినప్పుడు నా పక్క సీటు అతని పేరు ఇదే. మొదటి రోజు మెయిల్లో Étienne అన్న స్పెల్లింగ్ చూసి "ఎటియన్నే" అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫ్రెంచివాళ్ల 'ట' నిజానికి మన 'త'. నాలుక పళ్లకు తగలాలి. కాబట్టి ఎత్యెన్. ఇందులో ఇంగ్లీషువాళ్లకన్నా మనకే సుళువు.

తర్వాత ఒకసారి కాఫీ తాగుతూ "నేనూ స్టీఫెన్‌నే" అన్నాడు. నేను నమ్మలేదు. పేపర్ న్యాప్‌కిన్ మీద వరసగా రాశాడు: గ్రీకులో స్తెఫానోస్, లాటిన్‌లో స్తెఫానుస్, పాత ఫ్రెంచిలో ఎస్త్యెన్, ఇప్పుడు ఎత్యెన్. మాట మొదట్లో 'స్త', 'స్క' లాంటివి నోరు తిరక్క ముందు ఒక 'ఎ' తగిలించుకున్నారట. కొన్ని వందల ఏళ్లకు ఆ 'స్' కూడా జారిపోయింది. బడికి లాటిన్‌లో స్కోలా, ఫ్రెంచిలో ఎకోల్. చుక్కకి స్తెల్లా, ఎత్వాల్. వింటుంటే మా నాన్నమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి చివరిదాకా ఇస్కూలు, ఇస్టేషనే!

గ్రీకుల ఆటల పోటీల్లో గెలిచినవాడి తలకి చుట్టే ఆకుల దండని కూడా స్తెఫానోస్ అనేవారు. మన పేర్లలో వెతికితే కిరీటి దగ్గరకొస్తుంది.

పేరు ఇంతగా పాకడానికి కారణం క్రైస్తవుల తొలి హతసాక్షి, తెలుగు బైబిల్లో స్తెఫను. రాళ్లతో కొట్టి చంపారాయన్ని. ఆయన పండగ డిసెంబర్ 26. ఫ్రాన్స్‌లో ఆ పేరున్నవాళ్లకి ఆ రోజు కూడా శుభాకాంక్షలు చెబుతారు, మీరూ ఒక ఫోన్ చేయొచ్చు.

స్తెఫాన్ అన్నా ఇదే పేరు, కాకపోతే పాత లాటిన్ రూపాన్ని చూసి తర్వాత మళ్లీ తెచ్చుకున్నది. అది 1970ల ఫ్యాషన్, ఇప్పుడు ఆ పేరువాళ్లు ఎక్కువగా యాభై దాటినవాళ్లే. ఎత్యెన్ నా చెవికి పాతబడలేదు.

లియోన్ నుంచి రైల్లో గంటలోపే సెంతెత్యెన్ అనే ఊరు, అంటే సెయింట్ స్టీఫెన్. తమాషా ఏంటంటే ఆ ఊరివాళ్లని స్తెఫనువా అంటారు. ఊరి పేరులో అరిగిపోయిన అక్షరాలు ఊరివాళ్ల పేరులో అలాగే ఉన్నాయి!

పేరు రాసేటప్పుడు మొదటి అక్షరం మీద చిన్న గీత మాత్రం మర్చిపోకండి. జారిపోయిన ఆ 'స్' తాలూకు గుర్తు అదే.