కొండల్లో జవాన్లకు అండ: సుఖోయ్‌నా, ప్రచండ్‌నా?

తమ్ముడూ, కొండల్లో పోరాడే జవాన్లకు దగ్గరి నుంచి అండగా ఉండేందుకు సుఖోయ్-30 యుద్ధ జెట్ మేలా, ప్రచండ్ హెలికాప్టరా అని సెమినార్ కోసం అడిగినవ్. ప్రచండే పెట్టు. వేగం చూసి మోసపోకు. ఒకసారి నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కి కింద రోడ్డు మీది మనుషులను చూడు, ఎవరెవరో పోల్చుకోనీకె ఎంతసేపు పడుతదో. గంటకు 900 కిలోమీటర్లతో పోయే జెట్ సెకనుకు 250 మీటర్లు దాటుతది. మనోళ్లకూ శత్రువుకూ నడుమ దూరం ఒక్కోసారి అంతే ఉంటది. ప్రచండ్ నిలిచి, చూసి, 20 మి.మీ. తుపాకీతో కొడుతది. 1999 కార్గిల్‌లో అంత ఎత్తుకు తగిన దాడి హెలికాప్టర్ లేకనే దీని అవసరం తెలిసింది.

కాకపోతే ఒకటి తప్పక రాయి: అప్పుడే, మే 28న, మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను భుజం మీద పెట్టి పేల్చే క్షిపణితో కూల్చిండ్రు. అసొంటివి ఉన్నకాడ ఎత్తు నుంచి లేజర్‌తో గురి చూసి బాంబులేసే జెట్టే నయం. కార్గిల్‌లోని టైగర్ హిల్ శిఖరం మీద మన మిరాజ్-2000 జెట్ చేసింది అదే.